ఎంతొస్తుంది?

పాత వస్తువు ఏదైనా అమ్మాలనుకున్నవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఎంతొస్తుంది?" వినడానికి మామూలు ప్రశ్నే. జవాబు చెప్పాల్సిన చోట నిలబడితే మాత్రం అందులో మూడు ప్రశ్నలున్నాయని తెలుస్తుంది. ఈ వస్తువు ఎంత చేస్తుంది? దీనికి ఎవరైనా ఎంత ఇస్తారు? ఎంత అడిగితే న్యాయం? మొదటిదానికి వస్తువుని చూడాలి. రెండోదానికి బజారుని చూడాలి. మూడోదానికి ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పరు. అందుకే చాలామందిమి రెండోదాని జవాబునే మూడోదానికి కూడా అతికించేసి ఊరుకుంటాం. వచ్చినంతా న్యాయమే అనుకుంటాం.

నేను కొన్నేళ్లు విజయవాడలో బోటు ఇంజన్ల స్పేర్‌పార్టులు అమ్మాను. ఆ పని మానేసి చాలాకాలమైనా తెలిసినవాళ్లు పాత ఇంజన్ ఏదైనా బయటపడితే నన్నే పిలుస్తారు. అలా ఒకసారి కూచిపూడి వెళ్లాల్సివచ్చింది. కూచిపూడి పడవల ఊరు కాదు. పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో, పొలాల మధ్య, కాలవల మధ్య ఉండే ఊరు. అక్కడ వెతికితే పాత గజ్జెలు దొరుకుతాయేమో గాని అవుట్‌బోర్డ్ మోటారు దొరుకుతుందని ఎవరూ అనుకోరు. పడవ వెనక చెక్కకి బిగించుకుని, తాడు లాగి స్టార్ట్ చేసి, చేతి కర్రతో తిప్పుకునే మోటారు అది. మాకు బాగా తెలిసిన పిన్నిగారి ఇంట్లో, పశువుల కొట్టంలో, గోనెసంచి కప్పి ఉంది. బాబాయిగారు రొయ్యల వ్యాపారం ఊపుమీదున్న రోజుల్లో నాగాయలంక వైపు పడవ నడిపారట. అప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న జాన్సన్. తొమ్మిది పాయింట్ తొమ్మిది గుర్రాల శక్తి, రెండు సిలిండర్లు. ఆయన పోయి నాలుగేళ్లయింది. పిన్నిగారికి డబ్బు అవసరం పడింది.

నేను వెళ్లేసరికే ముగ్గురు వచ్చి చూసి వెళ్లారు. పాతసామాన్లు కొనేవాడు తూకం లెక్కన నాలుగు వేలన్నాడు. గిలకలదిండి నుంచి వచ్చిన కుర్రాడు, వేటకి వెళ్లేవాడు, ఆడుతుంటే పద్దెనిమిది వేలిస్తానన్నాడు. హైదరాబాదు నుంచి ఫోన్ చేసిన ఒకాయన ఫొటోలు చూసి ముప్ఫై వేలు చెప్పాడు. ఆయన పెట్టిన షరతు ఒకటే: రంగు వెయ్యకూడదు, తుడవనుకూడా వద్దు.

"ఒకే ఇంజన్‌కి ఇంత తేడా ఏంటి అబ్బాయ్? ఇందులో ఎవడు దొంగ?" అని అడిగారు పిన్నిగారు.

ముగ్గురిలో ఎవరూ దొంగ కాదు. అది అర్థం కావాలంటే ఇంజన్‌ని ఎలా చూస్తారో కొంచెం చెప్పాలి.

ముందు పడవకి బిగించే బ్రాకెట్ మీద రేకు చూస్తారు. 1980 నుంచి ఈ కంపెనీ మోడల్ నంబర్లలో తయారీ ఏడాదిని అంకెల్లో కాకుండా అక్షరాల్లో దాచింది. ఇంగ్లీషులో 'ఇంట్రడ్యూసెస్' అనే మాటకి పది అక్షరాలు. మొదటి అక్షరం ఐ అంటే ఒకటి, ఎన్ అంటే రెండు, అలా వరసగా వెళ్తే చివరి ఎస్ అంటే సున్నా. పిన్నిగారి ఇంజన్ రేకు మీద సి, ఆర్ ఉన్నాయి. సి ఎనిమిది, ఆర్ నాలుగు. అంటే 1984 మోడల్. రేకు పోతే ఇంజన్‌కి వయసు పోయినట్టే. ఆ తర్వాత స్పార్క్‌ప్లగ్ విప్పి, అక్కడ మీటరు పెట్టి, తాడు లాగి కంప్రెషన్ చూస్తారు. రెండు సిలిండర్లలో అంకెలు దగ్గరదగ్గరగా ఉండాలి, తేడా పది శాతం లోపు అయితే మంచిది. ఇక్కడ ఒకదాంట్లో నూట పది, రెండోదాంట్లో డెబ్భై అయిదు. రెండో సిలిండర్ అలిసిపోయిందన్నమాట. తర్వాత కింద గేర్ ఆయిల్ స్క్రూ వదులు చేసి చూస్తారు. ఆయిల్ పాలలాగా తెల్లగా వస్తే సీళ్లు పోయి లోపలికి నీళ్లు దిగాయని అర్థం. ఇక్కడ కొద్దిగా తెల్లగానే వచ్చింది. ఆఖర్న డ్రమ్ములో నీళ్లు పోసి, ఇంజన్ అందులో ముంచి నడుపుతారు. చల్లబరిచే నీరు పక్కనుంచి సన్నటి ధారగా బయటికి చిమ్మాలి. ధార వచ్చింది, కాని బలంగా లేదు. ఉప్పునీళ్లలో తిరిగిన ఇంజన్లలో నీటిదారులు లోపల ఉప్పు పేరుకుని మూసుకుపోతుంటాయి. అయిదు నిమిషాలు నడిపితే అది తెలియదు. అరగంట నడిపితే వేడెక్కి తెలుస్తుంది.

పరిస్థితి ఇది. ఇందులో అభిప్రాయమేమీ లేదు, ఎవరు కొలిచినా ఇంతే వస్తుంది. అయినా వెలలు మూడయ్యాయి. తుక్కువాడికి అది ముప్ఫై అయిదు కిలోల అల్యూమినియం, కంప్రెషన్‌తో అతనికి పనిలేదు. వేటకుర్రాడికి కంప్రెషనే ముఖ్యం, రంగు ఎలా ఉన్నా ఒకటే. హైదరాబాదు ఆయనకి పైమూత మీద వెలిసిపోయిన ఆ రంగు, ఆ అక్షరాలే ముఖ్యం. మూత గీకి కొత్త రంగేస్తే వేటకుర్రాడి వెల ఒక్క రూపాయీ పెరగదు, హైదరాబాదు వెల సగానికి పడిపోతుంది. విచిత్రం ఇంకోటుంది. ఈ మోటార్లు చేసిన అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000 డిసెంబరులో దివాలా తీసింది. దాని అన్నదమ్ముల్లాంటి ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ కూడా, ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మొదలుపెట్టిన ఆ పేరు, 2020లో ఆగిపోయింది. స్పేర్‌పార్టులు దొరకడం కష్టమవుతున్నకొద్దీ నడుపుకునేవాడి దృష్టిలో ఇంజన్ విలువ తగ్గుతుంది. దాచుకునేవాడి దృష్టిలో అదే కారణానికి పెరుగుతుంది.

కాబట్టి 'అసలు వెల' అంటూ ఇంజన్ లోపలెక్కడో రాసిపెట్టి ఉండదు. ఇది చాలామందికి తెలిసిన సంగతే. తెలిశాక చాలామంది వెళ్లే దారి కూడా ఒకటుంది: అసలు వెల లేదు కాబట్టి ఎంతకి కొన్నా తప్పులేదు, ఎంతకి అమ్మినా తప్పులేదు. నాకు అభ్యంతరం అక్కడే. అసలు వెల లేకపోవచ్చు, అబద్ధపు వెల మాత్రం ఉంటుంది. ముగ్గురికీ మూడు రకాల అవసరాలుండి మూడు వెలలు చెబితే అవి మూడూ నిజమైన వెలలే. అవతలివాళ్లకి తెలియకపోవడం వల్ల మాత్రమే నిలబడే వెల అబద్ధపు వెల. అది తెలిసిన నిమిషంలో కూలిపోతుంది.

అవతలివాళ్ల తెలియనితనం మన ఆస్తా? దీనిమీద మన చట్టం ఆశ్చర్యంగా సూటిగా మాట్లాడుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, పదిహేడో సెక్షన్. ఊరికే మౌనంగా ఉండడం మోసం కాదని చెప్పి, కింద ఉదాహరణలిస్తుంది. ఒకడు తన గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. దానికి జబ్బుందని తెలుసు, ఏమీ మాట్లాడడు. అది మోసం కాదు. అయితే కొనేది అప్పుడే మైనారిటీ తీరిన అతని కూతురనుకోండి. అప్పుడు ఆ బంధం వల్ల గుర్రానికి జబ్బుందని చెప్పడం అతని బాధ్యత. ఇంకో ఉదాహరణలో కొనేవాడు, "నువ్వు కాదనకపోతే గుర్రం బాగానే ఉందనుకుంటాను" అంటాడు. అమ్మేవాడు ఊరుకుంటాడు. అక్కడ ఊరుకోవడం కూడా మాట్లాడడమే. చివరి ఉదాహరణలో ఇద్దరు వ్యాపారులు. ధరలు మారబోతున్నాయని ఒకడికి రహస్యంగా తెలుసు. రెండోవాడికి చెప్పాల్సిన పని లేదు.

ఒక చిన్న సెక్షన్‌లో నాలుగు మౌనాలు. పిన్నిగారి కొట్టంలో నిలబడి నేను ఆలోచించింది వీటి గురించే. ఆవిడ నన్ను పిలిచి "ఎంతొస్తుంది" అని అడిగాక నేనింక వ్యాపారిని కాదు. నాలుగో ఉదాహరణ నాకు వర్తించదు. అడగడంతోనే ఆవిడ నన్ను రెండో ఉదాహరణలోకి, తండ్రి స్థానంలోకి నెట్టేశారు. హైదరాబాదులో ముప్ఫై వేలు పలుకుతుందని తెలిసి "పదివేలకి నేను తీసుకుంటాలెండి పిన్నిగారూ" అంటే చట్టం ఏమంటుందో వకీళ్లు తేల్చుకోవాలి. నా మటుకు నాకు, వెల చెప్పిన నోటితో బేరం ఆడకూడదు. కొనాలనుంటే ముందే చెప్పాలి: "నేను కొనే మనిషిని, నా మాట నమ్మి వెల నిర్ణయించుకోకండి" అని.

దీనికి ఎదురువాదన ఉంది, అది తేలికైన వాదన కాదు. తెలుసుకోవడానికి ఖర్చవుతుంది. ఆటోనగర్‌లో ఏ మెకానిక్‌నైనా చూడండి. పదేళ్లు గ్రీజులో చేతులు పెట్టి నేర్చుకుంటేనే శబ్దం విని రోగం చెప్పగలుగుతాడు. పనికిరాదని వదిలేసిన ఇంజన్‌లో పనికొచ్చేది కనిపెట్టడమే అతని బతుకుతెరువు. కనిపెట్టిందల్లా ముందే యజమానికి చెప్పేయాలంటే అతనెందుకు నేర్చుకోవాలి? రెండువేల ఏళ్ల కిందట సిసెరో ఇదే చిక్కుని రాశాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ధాన్యం ఓడ తెచ్చాడు. వెనకాల ఇంకా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్లకి తెలియదు. చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా? చెప్పక్కర్లేదన్నాడు డయోజనీస్ అనే తత్త్వవేత్త, సరుకులో లోపం దాస్తే తప్పుగాని తెలిసిందల్లా చెప్పే బాధ్యత లేదని. చెప్పి తీరాలన్నాడు యాంటిపేటర్, అమ్మేవాడికి తెలిసినదేదీ కొనేవాడికి తెలియకుండా ఉండకూడదని. సిసెరో చివరికి యాంటిపేటర్ వైపే మొగ్గాడు.

నాకు ఇద్దరి మాటలోనూ సగం సగం నచ్చింది. తెలివికి కూలి ఉండాలి, ఒప్పుకుంటాను. కాని కూలిని కూలిలాగే అడగొచ్చు. "చూసి చెప్పినందుకు వెయ్యి రూపాయలివ్వండి" అంటే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అదే వెయ్యిని వెలలో దాచి, పైన ఇంకో పదివేలు కలిపి, అవతలివాళ్లకి తెలియకుండా తీసుకుంటే దాన్ని కూలి అనలేం. మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే ముని జడల్లో పిట్టలు గూడు పెట్టేదాకా కదలకుండా తపస్సు చేసి గర్వపడతాడు. కాశీలో తులాధారుడనే వర్తకుడు నీకంటే గొప్పవాడని వినిపిస్తే వెతుక్కుంటూ వెళ్తాడు. తులాధారుడు అడవికి పోలేదు, కొట్టు మూసెయ్యలేదు. నా త్రాసు అందరికీ ఒకటే అంటాడు, అంతే. ఆ కథలో నాకు నచ్చేది ధర్మం చెప్పేవాడు వ్యాపారం చేసుకుంటూనే చెప్పడం. లాభం వద్దనలేదు. త్రాసు మీద వేలు పెట్టొద్దన్నాడు.

త్రాసు మీద వేలు పెట్టడానికి తెలియనితనం ఒక్కటే సందు కాదు. ఇంకోటి నిస్సహాయత. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం, అరవై ఒక్క రోజులు. ఆ రోజుల్లో చేతిలో డబ్బాడని మనిషి ఇంజన్ అమ్మకానికి పెడితే, ఇంజన్ పరిస్థితి అతనికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. అయినా వెల తగ్గుతుంది. తగ్గించేది ఇంజన్ కాదు, క్యాలెండరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు దీనికి తిరగేసిన బొమ్మ చూశాం. పీకల్లోతు నీళ్లలో ఆడే మోటారున్న పడవకి ఏ వెలైనా చెప్పొచ్చు. కొందరు ప్రైవేటు పడవలవాళ్లు మనిషికింత అని వసూలు చేశారని ఆ రోజుల్లో ఫిర్యాదులు వచ్చాయి. అదే వీధుల్లో పైసా అడక్కుండా మనుషుల్ని దాటించినవాళ్లూ ఉన్నారు. డీజిల్ ఖర్చు, ఒళ్లు కష్టం అడిగితే కూలి. మేడమీద చిక్కుకున్న ముసలమ్మ భయానికి వెల కడితే అది వేరే.

మళ్లీ పిన్నిగారి దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇక్కడిదాకా తెలియనివాళ్లు పిన్నిగారు, తెలిసినవాడిని నేను. నేను చూసి చెప్పాక ఆవిడకి తెలిసింది. ఇప్పుడు తెలియనివాడు గిలకలదిండి కుర్రాడు. మన తీరంలో ఫైబర్ బోట్లకి ఎక్కువగా పొడుగు తోక డీజిల్ ఇంజన్లే వాడతారు. అతనికి తెలిసినవీ అవే. ఈ పెట్రోలు టూస్ట్రోకు చూడ్డం కొత్త. అతను వచ్చిన రోజు డ్రమ్ములో అయిదు నిమిషాలు ఆడింది చూసి, "బాగుందమ్మా" అన్నాడట.

"అతను అడగంది మనం చెప్పాలా?" అన్నారు పిన్నిగారు. ఆవిడ దురాశపరురాలు కాదు. బ్యాంకులో కట్టాల్సిన వాయిదా ఉంది. రెండో సిలిండర్ సంగతి, గేర్ ఆయిల్ సంగతి చెబితే అతను ఎనిమిది వేలు దాటడని ఇద్దరికీ తెలుసు. హైదరాబాదు ఆయన ఇంకా డబ్బు పంపలేదు, పంపుతాడన్న నమ్మకమూ లేదు. నిజం చెప్పమనడం నాకు తేలికే. దాని ఖర్చు పదివేలూ ఆవిడది. నీతి చెప్పేవాడు తన జేబు ఎక్కడుందో ముందు చూసుకోవాలని నాకు ఆ రోజు గట్టిగా అనిపించింది.

అయినా చెప్పాలనే అన్నాను. నా లెక్క ఇది: ఆ పదివేలు ఆవిడ ఇంజన్‌లో లేవు, ఆ కుర్రాడికి తెలియకపోవడంలో ఉన్నాయి. అతనికి తెలిస్తే మాయమైపోయే డబ్బు ఆవిడ పోగొట్టుకున్న డబ్బు ఎలా అవుతుంది? పైగా కొనేవాళ్లిద్దరూ ఒకటి కాదు. హైదరాబాదు ఆయనకి కంప్రెషన్ సంగతి దాస్తే ఆయనకి పోయేది డబ్బు. ఇంజన్ అల్మారా మీదే ఉంటుంది. ఆ కుర్రాడికి దాస్తే, అరగంటకి వేడెక్కే ఇంజన్ మీద అతను ముఖద్వారం దాటి వెళ్తాడు. ఒడ్డున ఆగిపోతే తాడు లాగుతూ తిట్టుకుంటాడు. పోటుకీ పాటుకీ మధ్య, గాలి మళ్లిన చోట ఆగిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొనేవాడు ఎంత పణంగా పెడుతున్నాడో అమ్మేవాడు అంత నిజం బాకీ ఉంటాడు. చట్టంలో గుర్రం ఉదాహరణకి ఈ తేడా పట్టలేదు. వేలంలో గుర్రం కొన్నవాడు దాన్ని ఇంటి ముందు కట్టేసుకుంటాడా, దాని మీద కొండ ఎక్కుతాడా అని సెక్షన్ అడగదు. వెల చెప్పేవాడు అడగాలి. ఇది ఎక్కడికి వెళ్తోంది?

పిన్నిగారిని ఒప్పించింది ఈ తర్కం కాదని నాకు తెలుసు. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి ఆవిడకి పదేళ్లు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నీళ్లమీదకి వెళ్లేవాడికి అబద్ధం చెప్పకూడదులే" అన్నారు. ఆ కుర్రాడికి ఫోన్ చేసి అన్నీ చెప్పించారు. అతను ఎనిమిది వేలే అన్నాడు, నేను అనుకున్నట్టే. నాలుగు రోజులకి హైదరాబాదు డబ్బు వచ్చింది. రాకపోయి ఉంటే ఆవిడ ఎనిమిది వేలకే ఇచ్చి ఉండేవారు. ఈ కథ బాగా ముగిసింది కాబట్టి నిజం చెప్పడం లాభమని ఎవరైనా అనుకుంటే అది నేను చెప్పదలిచింది కాదు. ఆ నాలుగు రోజులూ ఆవిడ లెక్కలో అది నష్టమే. ఒప్పుకున్నది ఆ నష్టానికే.

ఇంకో వెల గురించి చెప్పలేదు. మొదట్లో పిన్నిగారు మనసులో పెట్టుకున్నది యాభై వేలు. ఎందుకంటే బాబాయిగారు దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నారు. ఆర్థికశాస్త్రంలో దీనికి ఒక పేరుంది, ప్రయోగాలూ ఉన్నాయి. 1990లో కానెమన్, నెచ్, థేలర్ అచ్చయిన వ్యాసంలో విద్యార్థుల్లో సగంమందికి కాఫీ మగ్గులిచ్చి అమ్మమన్నారు. అమ్మేవాళ్లు అడిగిన వెల, కొనేవాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు. తమది అనుకోగానే దాని విలువ పెరిగిపోయింది. ఇది మనిషి ఆలోచనలో లోపమంటారు. మగ్గు విషయంలో కావచ్చు, అది చేతికొచ్చి పది నిమిషాలే అయింది. ముప్ఫై ఏళ్లు ఒక మనిషి తెల్లవారుజామున లేచి తాడు లాగిన ఇంజన్ విషయంలో దాన్ని లోపమనడానికి నాకు నోరు రాదు.

అలాగని దాన్ని వెలలో కలపనూ లేం. శ్రీకృష్ణ తులాభారం కథ మనందరికీ తెలుసు. సత్యభామ నగలన్నీ వేసినా త్రాసు లేవలేదు, రుక్మిణి తులసాకు వేస్తే లేచింది. ఆ కథని భక్తి గొప్పదని చెప్పడానికి వాడతాం. సత్యభామ వేషంతో పేరుపడ్డ ఊళ్లో కూర్చుని ఆలోచిస్తే నాకు ఇంకోలా తోచింది. సత్య తప్పు తక్కువ వెయ్యడం కాదు, బంగారాన్ని కొలిచే త్రాసులో బంగారం కానిదాన్ని కొలవబోవడం. ఈ ఊళ్లో ఒక నట్టువుడి గజ్జెలు ఇత్తడి తూకానికి అమ్మితే ఎంతొస్తుంది? కొన్ని వందలు. అది ఇత్తడి వెల, సరైన వెలే. ఆ కాళ్ల వెల అందులో లేదంతే. లేనందుకు కొనేవాడి మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు. ఉన్నందుకు ఇంట్లోవాళ్లని చూసి నవ్వనూ అక్కర్లేదు.

పిన్నిగారి ఇంజన్‌కి స్టార్టర్ తాడు చివర కంపెనీ పిడి లేదు. ఎప్పుడో విరిగిపోతే బాబాయిగారు టేకుముక్క చెక్కి పెట్టుకున్నారు. చేతి మురికికి నల్లగా నున్నబడింది. అది విప్పి ఉంచుకోండి అన్నాను. హైదరాబాదు ఆయనకి కూడా చెప్పాం, పిడి రాదని. ఆయనకి అభ్యంతరం లేదు, కంపెనీది కాదు కాబట్టి దాచుకునేవాళ్ల లెక్కలో దానికి విలువ లేదట. బజారులో సున్నా పలికే ముక్క ఇంట్లో ఉండిపోయింది.

ఇప్పుడు ఎవరైనా "ఎంతొస్తుంది" అని అడిగితే నేనొక కాగితం తీసుకుంటాను. పైన వెల రాయను. ముందు తయారీ ఏడాది, రెండు సిలిండర్ల అంకెలు, గేర్ ఆయిల్ రంగు, నీటిధార, ఏం మార్చారు, ఏం మార్చలేదు, అన్నీ రాస్తాను. కింద ఎవరికి అమ్మితే ఎంతో విడివిడిగా రాస్తాను. నడుపుకునేవాడికి ఇంత, దాచుకునేవాడికి ఇంత, తూకానికి ఇంత. ఆ కాగితం కొనేవాడికి కూడా చూపించమంటాను. చాలామంది చూపించరు, కింది సగం చింపి జేబులో పెట్టుకుంటారు. అది వాళ్లిష్టం. కాగితం కొన్నవాడి చేతికి వెళ్లినా తేడా రాకూడదన్నట్టు రాయడం వరకే నా పని.